పరుగెత్తి పాలు తాగాలా?

"ఆంటీ, 8 పెట్టుకోండి, ఏం కాదు. పక్కావిడను చూడండి, 9లో పరుగెడుతున్నారు!"

ద్వారకా నగర్‌లో ఒక మేడ మీద జిమ్ అది. అద్దాల గోడకు ఆనించి వరసగా ఆరు ట్రెడ్‌మిల్లులు. కింద రోడ్డు మీద కోచింగ్ సెంటర్లకు పరుగులు తీసే పిల్లలు, పైన ఒళ్లు తగ్గించుకోవడానికి పరుగులు తీసే తల్లులు. పదకొండేళ్ల తరువాత మళ్లీ వ్యాయామం అంటూ బూట్లు కట్టుకుని వెళ్లినదాన్ని నేను. ఆ కుర్రాడి మాట కాదనలేక 8 నొక్కాను. మొదటి రోజు ఆయాసం, నాలుగో రోజు గర్వం, తొమ్మిదో రోజు ఎడమ మోకాలు పట్టేసింది. మేడ మెట్లు దిగడానికి రెయిలింగు పట్టుకోవాల్సి వచ్చింది.

ఇంట్లో ఏం జరిగిందో మీకు నేను చెప్పక్కర్లేదు. "నేను ముందే చెప్పలేదూ?" అన్నారు మావారు. "ఇంట్లో పని చేసుకుంటే చాలదుటమ్మా" అన్నారు అత్తయ్య. పక్కింటావిడ గోడ మీంచి తొంగిచూసి, "ఏటి వదినా, మోకాలు పట్టీసిందేటి? ఈ వయసులో పరుగులేటి మనకి?" అంది. మూడు నెలలకు కట్టిన డబ్బు తిరిగి ఇవ్వరు. బూట్లు మళ్లీ మంచం కిందకు వెళ్లాయి.

ఇదంతా నా మోకాలి గోడు వినిపించడానికి చెప్పడం లేదు. మోకాలు నెలలో బాగైంది. బాగవడానికి చాలాకాలం పట్టింది "ఇక నావల్ల కాదు" అన్న మాట. మళ్లీ మొదలుపెట్టి, దెబ్బతిని, మానేసిన ఆడది మూడోసారి మొదలుపెట్టడం ఎంత కష్టమో అనుభవించిన వాళ్లకే తెలుస్తుంది. అందుకే నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తున్నాను. చాలాకాలం తరువాత వ్యాయామానికి తిరిగొచ్చే స్త్రీని మొదటివారంలోనే చదును బెల్టు మీద పరుగెత్తించడం తప్పు. ఆమె ముందు నడవాలి. నడక తేలికైపోతే వేగం కాదు, ఎత్తు పెంచాలి. ట్రెడ్‌మిల్లుకు ఇంక్లైన్ అనే మీట ఉన్నది అందుకే. పరుగు ఆ తరువాతి మాట.

తిరిగొచ్చేవాళ్లు వేరు

"తిరిగి రావడం" అంటే మగవాళ్లకు ఒకటే అర్థం: సిగరెట్టు మానేశాను, పొట్ట పెరిగింది, మళ్లీ మొదలుపెడుతున్నా, అంతే. మనకు అలా కాదు. ఒకరు కాన్పు తరువాత తిరిగొస్తారు. ఒకరు గర్భసంచి ఆపరేషను తరువాత. ఒకరు పిల్లాడి ఇంటర్ పరీక్షలయ్యాక, ఇంకొకరు మంచాన పడ్డ అత్తగారికి నాలుగేళ్లు సేవ చేసి, ఆవిడ వెళ్లిపోయాక. మధ్యలో పోయిన ఏళ్లలో వీళ్లెవరూ ఖాళీగా కూర్చోలేదు. కానీ ఒళ్లు అలసిపోవడం వేరు, ఒళ్లు బలపడడం వేరు. వంటింట్లో పన్నెండు గంటలు నిలబడితే కాళ్లు వాస్తాయే తప్ప గుండెకు గట్టిదనం రాదు.

ప్రపంచవ్యాప్తంగా వ్యాయామం లెక్కలు తీసి 2024లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో ప్రచురించారు. 2022 సంవత్సరానికి వేసిన ఆ లెక్కల ప్రకారం మన దేశంలో ఒంటికి కావలసినంత కదలిక లేని వయోజన స్త్రీలు నూటికి 57 మంది. మగవాళ్లలో 42 మంది. ఈ తేడాను చూసి "ఆడవాళ్లు బద్ధకస్తులు" అనే పెద్దమనుషులు ఉంటారు. తనకోసం తాను కేటాయించుకునే అరగంట ఎవరికి దొరుకుతోంది, ఎవరికి దొరకడం లేదు అన్నది వాళ్లను అడగాలి. అలాంటి అరగంటను ఎలాగో సంపాదించుకుని జిమ్ మెట్లెక్కిన మనిషిని తొమ్మిది రోజుల్లో ఇంటికి పంపేస్తే పోయేది ఆ మూడు నెలల ఫీజు ఒక్కటే కాదు.

లెక్క చూద్దాం

ఇంట్లో పాలవాడి లెక్క, చీటీ లెక్క చూసుకునేవాళ్లం. ఈ లెక్క మనకు కష్టమేం కాదు.

ఇంక్లైన్ 5 అంటే 5 డిగ్రీలని చాలామంది అనుకుంటారు. కాదు, అది శాతం. 100 మీటర్లు ముందుకు పోతే 5 మీటర్లు పైకెక్కినట్టు. ఎంత వేగంలో, ఎంత ఎత్తులో నడిస్తే ఒళ్లు ఎంత ప్రాణవాయువు వాడుకుంటుందో అంచనా వెయ్యడానికి అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ వాళ్ల సూత్రాలున్నాయి. వాటి ప్రకారం గంటకు 5 కిలోమీటర్ల వేగంతో చదునులో నడిస్తే కిలో బరువుకు నిమిషానికి దాదాపు 12 మిల్లీలీటర్ల ప్రాణవాయువు ఖర్చవుతుంది. అదే వేగంతో 5 శాతం ఎత్తు పెడితే 19 దాటుతుంది. అంటే అడుగు వేగం పెంచకుండానే శ్రమ ఒకటిన్నర రెట్లు మించిపోయింది. 10 శాతం పెడితే 27 దగ్గరికి వస్తుంది. మరి 8లో చదును మీద పరుగు? 30. అదే 30 దాదాపుగా 12 శాతం ఎత్తులో 5 వేగంతో నడిచినా వచ్చేస్తుంది!

ఇంకోలా చెప్పాలంటే, గుండెకు, ఊపిరితిత్తులకు పరుగు ఇచ్చే పనిని ఎత్తు మీద నడక కూడా ఇవ్వగలదు. అయితే కీళ్లు కట్టే వెల మాత్రం రెండింటికీ ఒకటి కాదు.

నడిచేటప్పుడు ఎప్పుడూ ఒక పాదమైనా నేల మీద ఉంటుంది. పరుగులో ప్రతి అడుగుకూ ఒక్క క్షణం రెండు పాదాలూ గాలిలో ఉంటాయి. అంటే ప్రతి అడుగూ ఒక చిన్న దూకుడే. నడకలో పాదం మీద పడే భారం మన బరువుకు కాస్త పైన. పరుగులో అది రెండు నుంచి మూడు రెట్లు. నిమిషానికి 160 అడుగుల చొప్పున 20 నిమిషాలు పరుగెడితే 3,200 అడుగులు. 65 కిలోల మనిషి ఒక్కో అడుగుకూ ఎంత బరువు దించుతోందో మీరే గుణించుకోండి. అదే ఎత్తెక్కుతూ నడిస్తే నేల మనకు ఎదురొస్తున్నట్టు ఉంటుంది కాబట్టి పాదం పైనుంచి పడే దూరం తగ్గుతుంది, తాకిడీ తగ్గుతుంది.

ఇందులో ఇంకో మెలిక ఉంది. మళ్లీ మొదలుపెట్టిన రెండు మూడు వారాల్లోనే ఆయాసం తగ్గుతుంది, హుషారొస్తుంది. కానీ స్నాయువులు, ఎముకలు అంత తొందరగా గట్టిపడవు. వాటికి నెలలు కావాలి. ఊపిరి "పద పద" అంటుంటే మోకాలు "ఆగు" అంటుంది. మనం వినేది ఊపిరి మాట. నాలుగో రోజు నాకొచ్చిన గర్వం సరిగ్గా అదే.

డాక్టర్లు ఎత్తే పెంచుతారు

గుండె పరీక్షకు ట్రెడ్‌మిల్ టెస్ట్ చేయించుకున్నవాళ్లు మీలో చాలామంది ఉంటారు. చేయించుకోకపోయినా, ఇంట్లో ఎవరికో చేయిస్తూ బయట బెంచీ మీద కూర్చునైనా ఉంటారు. ఆ పరీక్షకు ఎక్కువగా వాడే పద్ధతికి బ్రూస్ పద్ధతి అని పేరు. అమెరికాలోని సియాటిల్ నగరంలో పనిచేసిన రాబర్ట్ బ్రూస్ అనే గుండె వైద్యుడు 1963లో ప్రచురించిన పద్ధతి అది. అందులో మొదలుపెట్టేది గంటకు 2.7 కిలోమీటర్ల వేగం, అంటే కూరగాయల సంచీ పట్టుకుని నడిచినంత. కానీ ఎత్తు మాత్రం మొదటి నిమిషం నుంచే 10 శాతం. ప్రతి మూడు నిమిషాలకూ వేగమూ, ఎత్తూ కలిపి పెంచుతారు. మొదటి తొమ్మిది నిమిషాలూ నడకే. అయినా ఆ తొమ్మిది నిమిషాల్లోనే చాలామందికి చెమటలు పడతాయి.

గుండె సత్తువ తెలుసుకోవడానికి డాక్టరు మనల్ని ఎకాఎకిని పరుగెత్తించరు, ఎత్తెక్కిస్తారు. ఇది మన జిమ్ కుర్రాళ్లకు ఎందుకు తట్టదో నాకు అర్థం కాదు. తెర మీద వేగం అంకె పెద్దగా కనిపిస్తుంది, ఇంక్లైన్ అంకె మూలన చిన్నగా ఉంటుంది... బహుశా అందుకేనేమో!

అసలు ఈ మిషను పుట్టుకే ఎత్తెక్కడంతో. ఇంగ్లండులో 1818 ప్రాంతంలో విలియం క్యూబిట్ అనే ఇంజనీరు జైళ్ల కోసం తయారుచేసిన పెద్ద చక్రం అది. ఖైదీలు దాని మెట్లు ఎక్కుతూనే ఉండాలి, అవి కిందికి తిరుగుతూనే ఉంటాయి. గంటల తరబడి అదే శిక్ష. 1898లో వచ్చిన చట్టం తరువాతే అక్కడ అది మూలపడింది. మన ఊళ్లో పాత సెంట్రల్ జైలు స్థలంలో 2016లో పార్కు వెలిసింది. ద్వారకా నగర్ ఆడవాళ్లు చాలామందికి నడక అక్కడే. ఒకప్పుడు ఖైదీలున్న చోట ఇప్పుడు మనం ఇష్టంగా తిరుగుతున్నాం. ఒకప్పుడు ఖైదీలకు వేసిన శిక్షకు ఇప్పుడు డబ్బు కట్టి మరీ వెళుతున్నాం. వ్యాయామం శిక్షగా మారకుండా చూసుకోవలసిన బాధ్యత మాత్రం మనదే.

మన ఊరే ఒక ఇంక్లైన్

విశాఖలో పుట్టిపెరిగినవాళ్లకు ఎత్తు కొత్తా? కాంప్లెక్సు నుంచి ఆశీలుమెట్ట సంపత్ వినాయకుడి గుడి మీదుగా సిరిపురం జంక్షనుకు నడిచి చూడండి, పిక్కలే చెబుతాయి అది ఎక్కుడో కాదో. యూనివర్సిటీలో చదువుకునే రోజుల్లో సాయంత్రం బీచికి దిగి, చీకటి పడేలోగా హాస్టలుకు ఎక్కేవాళ్లం. దానికి వ్యాయామమని పేరు పెట్టాలని ఎవరికీ తోచలేదు. చదును కావాలంటే బీచ్ రోడ్డుంది. ఎత్తు కావాలంటే కైలాసగిరి, సింహాచలం మెట్లు ఉన్నాయి.

అయితే ఇక్కడొక జాగ్రత్త. కొండెక్కినవాళ్లు దిగాలి కదా! మోకాలి నొప్పులున్నవాళ్లను అడగండి, మెట్లు ఎక్కడం కంటే దిగడమే కష్టమంటారు. దిగేటప్పుడు తొడ ముందు కండరం సాగుతూనే బరువును ఆపాలి. మోకాలి చిప్ప వెనక ఒత్తిడి పెరుగుతుంది, పాదం తాకిడీ ఎక్కువే. సింహాచలం మెట్లు దిగిన మర్నాడు కుర్చీలోంచి లేవలేకపోవడం అందుకే. చాలా ట్రెడ్‌మిల్లుల్లో ఎక్కుడే ఉంటుంది, దిగుడు ఉండదు. పూర్తయ్యాక మీట నొక్కి చదునుకు తెచ్చుకుని దిగిపోవచ్చు. తిరిగొచ్చేవాళ్లకు ఆ మిషను చేసే అసలు మేలు అదేనని నా ఉద్దేశం. బయట నడిచేవాళ్లు చెయ్యగలిగిందల్లా ఒకటే, దిగేటప్పుడు అడుగులు చిన్నవి చేసుకుని నిదానంగా దిగడం.

సింహాచలం అన్నాను కాబట్టి ఇంకోమాట. ఆషాఢ పౌర్ణమికి గిరిప్రదక్షిణ చూశారుగా! తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, కొండ చుట్టూ 32 కిలోమీటర్లు నడుస్తారు. అరవయ్యేళ్ల అమ్మలు, చంకన బిడ్డలున్న తల్లులు, చాలామంది చెప్పులు కూడా లేకుండా. ఆ రాత్రి ఏ ఇంట్లోనూ "ఈ వయసులో నడకేంటి" అనరు. దారి పొడవునా మంచినీళ్లిచ్చి, దండం పెట్టి పంపుతారు. అదే మనిషి మర్నాటి నుంచి రోజూ మూడు కిలోమీటర్లు నడుస్తాను, ఆ అరగంట టిఫిను మీరు చూసుకోండి అంటే మాత్రం ముఖాలు చూసుకుంటారు. మొక్కు కోసం నడిస్తే పుణ్యం, మన కోసం నడిస్తే సోకు! దేవుడి కోసం 32 కిలోమీటర్లు నడవగలిగిన కాళ్లకు తన కోసం అరగంట నడిచే హక్కు లేదా?

చదును మీద కోపం లేదు

నేనేదో పరుగుకే వ్యతిరేకిని అనుకోకండి. పరుగులో ఉన్న ఆనందం ఎత్తు మీద నడకలో ఉండదు, ఒప్పుకుంటాను. తక్కువ సమయంలో ఎక్కువ శ్రమ ఇస్తుంది. ఎముకలకు తాకిడి కూడా కొంత అవసరమే, అది మెల్లగా అలవాటైతే. మన విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజి 2023లో బ్యాంకాక్‌లో ఆసియా ఛాంపియన్‌షిప్ 100 మీటర్ల హర్డిల్స్‌లో బంగారు పతకం తెచ్చింది. 2024లో పారిస్ ఒలింపిక్స్‌లో పరుగెత్తింది. ఆ పరుగు చూసి ఒళ్లు పులకరించని వాళ్లెవరు? అయితే ఆ పరుగు వెనక ఏళ్ల తర్ఫీదు ఉంది. మనం ఆ పులకరింత తెచ్చుకుని, తర్ఫీదు వదిలేస్తాం.

పరుగు నేర్చుకోవలసింది చదును మీదే. అడుగు లయ, ఊపిరి లయ అక్కడే కుదురుతాయి. ఎత్తు పెట్టి పరుగెత్తడం అన్నిటికన్నా కష్టం, అది చిట్టచివరి మెట్టు. కాబట్టి వరస ఇదీ: చదునులో నడక, ఎత్తులో నడక, చదునులో పరుగు, కావాలనుకుంటే ఎత్తులో పరుగు. మన జిమ్ముల్లో రెండో మెట్టును ఎగరేసి మూడో మెట్టు మీద నిలబెడుతున్నారు. నా పేచీ అంతా దాని మీదే.

"ట్రెడ్‌మిల్ మీద 1 శాతం ఎత్తు తప్పనిసరి, లేకపోతే బయట పరుగుతో సమానం కాదు" అని కొందరు చెబుతారు. 1996లో ఇంగ్లండులో వచ్చిన ఒక పరిశోధన నుంచి పుట్టిన మాట అది. అందులో పరుగెత్తింది బాగా తర్ఫీదైన మగ రన్నర్లు, అదీ గంటకు 10 కిలోమీటర్లు దాటిన వేగాల్లో. 5లో నడిచే మనకు ఆ నియమంతో పనిలేదు.

"ఎత్తు మీద నడిస్తే పిక్కలు లావైపోతాయి" అన్నది ఇంకో భయం. కండలు అంత సులువుగా పెరిగేవైతే మన ఊరి రిక్షా కార్మికులందరూ పహిల్వాన్లు అయ్యుండాలి!

ఎత్తు పడనివాళ్లూ ఉన్నారు

అయితే ఎత్తు అందరికీ అమృతమేం కాదు. ఎక్కేటప్పుడు పిక్క, మడమ వెనక ఉండే లావు నరంలాంటి స్నాయువు బాగా సాగుతాయి. మడమ నొప్పి, పొద్దున్నే మంచం దిగితే అరికాలు పోటు ఉన్నవాళ్లు చదునులోనే ఉండి, నొప్పి తగ్గాక 1, 2 శాతంతో మొదలుపెట్టాలి. ముందుకు ఒంగి నడిస్తే నడుము పట్టేస్తుంది. ముందున్న కడ్డీ గట్టిగా పట్టుకుని వేలాడుతూ 12 శాతం ఎక్కేవాళ్లున్నారు, శ్రమ సగం ఆ కడ్డీకే పోతుంది. అంతకంటే 4 శాతం పెట్టి చేతులు ఊపుకుంటూ నడవడం మేలు. బీపీ, సుగరు, గుండె జబ్బు ఉన్నవాళ్లు, ఛాతీలో బరువు, కళ్లు తిరగడం లాంటివి ఉన్నవాళ్లు ముందు డాక్టరును కలవకుండా ఏ మీటా నొక్కొద్దు.

ఇంకో విషయం ఉంది. మనం మనలో మనం కూడా చెప్పుకోం. కాన్పులైన తరువాత పరుగెత్తినా, దగ్గినా, తుమ్మినా మూత్రం చుక్కలు పడడం. ఎంతమంది జిమ్ మానేసి "టైం లేదండీ" అని చెప్పేది దీనికోసమేనో! ఇది సిగ్గుపడాల్సిన విషయం కాదు. పొత్తికడుపు అడుగున ఉండే కండరాలు వదులవడం వల్ల వచ్చేది, వ్యాయామంతో చాలామందిలో మెరుగుపడేది. కాన్పు తరువాత కనీసం మూడు నెలలు పరుగు జోలికి పోవద్దని బ్రిటన్ ఫిజియోథెరపిస్టులు 2019లో వేసిన మార్గదర్శకాల్లో చెప్పారు. అప్పుడైనా ముందు ఈ కండరాలను పరీక్ష చేయించుకోమన్నారు. పదేళ్ల కిందటి కాన్పైనా సరే, ఈ ఇబ్బంది ఉంటే ముందు స్త్రీల డాక్టరుకు చెప్పండి. అంతవరకూ దూకుడు తక్కువ ఉన్న నడకే మీ నేస్తం.

నేను రెండోసారి ఎలా మొదలుపెట్టానంటే...

మొదటి రెండు వారాలు వారానికి మూడు రోజులు, 20 నిమిషాలు, చదునులో 4 నుంచి 5 వేగం. అంతే. పక్కన ఎవరు ఎంతలో ఉన్నా చూడలేదు. మూడో వారం నుంచి మొదటి 5 నిమిషాలు, చివరి 5 నిమిషాలు చదును, మధ్యలో 2 శాతం. వారానికి ఒక్క శాతం మించి పెంచలేదు. ఆరో వారానికి 5 శాతం. వేగం మాత్రం కదపలేదు. కొలత ఒక్కటే పెట్టుకున్నాను: నడుస్తూ ఒక వాక్యం పూర్తిగా మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. వాక్యం మధ్యలో ఊపిరి తెగితే ఒక శాతం తగ్గించేదాన్ని.

తొమ్మిదో వారంలో మొదటిసారి పరుగు. ఎత్తు సున్నా చేసి, ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక, అలా ఆరుసార్లు. మర్నాడు మోకాలు ఏమంటుందా అని చూశాను. ఏమీ అనలేదు. అన్ననాడు మళ్లీ నడకకే వెళ్లాలని ముందే అనుకున్నాను. దీంతోపాటు వారానికి రెండు రోజులు కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం, మడమలెత్తి నిలబడడం లాంటి బలం వ్యాయామాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది కూడా ఇదే: వారానికి 150 నుంచి 300 నిమిషాల మోస్తరు శ్రమ, కనీసం రెండు రోజులు కండరాలకు పని. మనూరి ఉక్కలో చెమట త్వరగా ఆరదు కాబట్టి మంచినీళ్ల సీసా పక్కనే ఉండాలి.

జిమ్ముకు వెళ్లలేనివాళ్లు నిరాశపడక్కర్లేదు. ఇంటి దగ్గర ఎక్కుడున్న వీధి ఒకటి చూసుకోండి. రోజూ చదునులో పది నిమిషాలు నడిచి, ఆ ఎక్కుడు రెండుసార్లు ఎక్కి, నిదానంగా దిగి ఇంటికి రండి. నెల పోయాక మూడుసార్లు.

జిమ్ములు నడిపేవాళ్లకు కూడా ఒక మనవి. కొత్తగా వచ్చిన ఆడవాళ్లను బరువెంతో అడిగే ముందు మూడు ప్రశ్నలు అడగండి: ఎన్నేళ్లయింది మానేసి? కాన్పులు, ఆపరేషన్లు ఏమైనా ఉన్నాయా? ఎక్కడైనా నొప్పి ఉందా? ఈ మూడు అడగడానికి రెండు నిమిషాలు పడుతుంది. ఆ రెండు నిమిషాలు మిగుల్చుకోబోయి నాలాంటి వాళ్లను ఎంతమందిని పోగొట్టుకుంటున్నారో లెక్కేసుకోండి.

పరుగెత్తి పాలు తాగేకన్నా నిలబడి నీళ్లు తాగడం మేలని మన పెద్దవాళ్ల సామెత. ఆడవాళ్లను ఇంట్లో నిలబెట్టడానికి ఈ సామెతను చాలాసార్లు వాడారు. నేను దాన్ని కొంచెం మార్చుకున్నాను. నిలబడిపోవద్దు, వెంటనే పరుగెత్తనూ వద్దు, ఎక్కుతూ వెళదాం. పాలు ఎక్కడికీ పోవు.

మొన్న ఆ కుర్రాడు నా పక్కకొచ్చి, "ఆంటీ, ఇంకా 4.8లోనేనా?" అన్నాడు. ఇంక్లైన్ అంకె చూపించాను, 7. అతనూ పక్క మిషనెక్కి అదే పెట్టుకుని నడిచాడు. ఆరు నిమిషాలకు తువ్వాలు వెతుక్కున్నాడు! ఆ మర్నాడు కొత్తగా చేరిన ఒకామెకు "మేడం, ముందు నడవండి. తరువాత ఎత్తు పెడతాను" అని అతను చెబుతుంటే విన్నాను. మా పక్కింటి వదిన కూడా ఈ నెల నుంచి నాతో సిరిపురం దాకా వస్తోంది. మీ బూట్లు కూడా మంచం కిందే ఉన్నాయా? రేపు పొద్దున ఒకసారి దుమ్ము దులిపి చూడండి.